డ్రమ్ములో చుక్క నీరు లేదు, మెషీన్ మాత్రం నీళ్ళు పోవడం లేదంటోంది

ఫ్రంట్ లోడు వాషింగ్ మెషీన్ మీద ఎర్రర్ కోడు ఒకసారి వచ్చి పోతే దాని గురించి ఇంత రాయక్కర్లేదు. కింద ఫిల్టరు విప్పి, అందులో ఇరుక్కున్న రూపాయి బిళ్ళో హెయిర్ పిన్నో తీసి పారేసి, మళ్ళీ స్టార్ట్ నొక్కితే సరిపోతుంది. నా గోలంతా తిరిగి తిరిగి వచ్చే కోడు గురించి. సర్వీసు వాళ్ళు వస్తారు, ఏదో ఒక పార్టు మారుస్తారు, బిల్లు చేతిలో పెట్టి లిఫ్టు దిగుతారు. మెషీన్ కొన్నాళ్ళు బుద్ధిగా ఉంటుంది. సరిగ్గా చుట్టాలు వెళ్ళిన మర్నాడు, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ వేసిన రోజున, మళ్ళీ అవే రెండక్షరాలు చూపించి కుయ్ కుయ్‌మంటూ ఆగిపోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇది. కోడు ఏ పార్టు పోయిందో చెప్పదు. తాను ఎదురుచూసిన సంగతి అనుకున్న టైములో జరగలేదని ఫిర్యాదు చేస్తుంది, అంతే. ఎందుకు జరగలేదో మెషీన్‌కి తెలియదు, తెలుసుకునే మార్గమూ దానికి లేదు. అలాంటప్పుడు ఒక పార్టు మార్చాక కూడా అదే కోడు వచ్చిందంటే, మార్చిన పార్టులో అసలు లోపమే లేకపోయి ఉండవచ్చని ముందు అనుమానించాలి. మన ఊళ్ళలో జరిగేది దానికి పూర్తిగా ఎదురు. మొదటి పార్టుతో తగ్గలేదు కాబట్టి దానికంటే ఖరీదైన పార్టు పోయిందంటారు. ఆ రెండో పార్టుకి ఒప్పుకోవద్దని, ముందు ఎవరో ఒకరు ఏదో ఒకటి కొలవాలని, కనీసం కళ్ళతో చూడాలని నా వాదన.

మెషీన్‌కి తెలిసినవి చాలా కొద్ది. తలుపు లాక్ పడిందా, మోటారు తిరుగుతోందా, నీళ్ళు ఎంత వేడెక్కాయి, టబ్బులో నీళ్ళ మట్టం ఎంత. వీటికి తోడు ఒక గడియారం. పంపు నిజంగా నీళ్ళు తోడుతోందో లేదో కూడా చాలా మోడళ్ళకి నేరుగా తెలియదు. పంపుకి కరెంటు ఇస్తుంది, మట్టం దిగుతుందేమోనని చూస్తూ కూర్చుంటుంది. కొన్ని నిమిషాల్లో దిగకపోతే కోడు వేస్తుంది. ఎల్‌జీ వాళ్ళు దానికి ఓఈ అని పేరు పెట్టారు. సామ్‌సంగ్‌లో 5ఈ, తర్వాత వచ్చిన వాటిలో 5సీ. బాష్‌లో ఈ18. అలాగే నీళ్ళు రావడం లేదనడానికి ఐఈ, 4ఈ, ఈ17. అక్షరాలు వేరైనా లోపలి లెక్క అన్నిటిలోనూ ఒకటే: ఇంత టైములో మట్టం ఇంత మారాలి, మారలేదు.

ఆ మట్టం సంగతి మెషీన్‌కి ఎలా తెలుస్తుందన్నదే అసలు కథ. టబ్బులో నీళ్ళను తాకే కొలబద్ద ఏదీ ఉండదు. టబ్బు అడుగున పక్కగా ఒక చిన్న గాలి గది ఉంటుంది. దానికి తగిలించిన సన్నటి రబ్బరు గొట్టం పైదాకా వెళ్ళి, మెషీన్ మూత కింద ఉన్న ప్రెషర్ సెన్సరుకి కలుస్తుంది. స్టీలు గ్లాసు బోర్లించి బకెట్లో ముంచితే లోపలి గాలి ఎలా బిగుసుకుంటుందో, టబ్బులో నీళ్ళు పెరిగే కొద్దీ ఆ గొట్టంలో గాలి అలా బిగుసుకుంటుంది. ఆ ఒత్తిడికి సెన్సరు లోపలి పొర కదులుతుంది. అది పంపే సిగ్నల్ ఫ్రీక్వెన్సీ మారుతుంది. మెషీన్‌ని నడిపించే సర్క్యూట్ బోర్డు ఆ ఫ్రీక్వెన్సీని చదివి నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అంచనా కడుతుంది. అంటే మెషీన్ నీళ్ళను చూడదు. నీళ్ళు నొక్కిన గాలిని చూస్తుంది. ఆ గొట్టానికి అడుగున దారి మూసుకుపోతే, నీళ్ళు పోయినా గాలి బిగుసుకునే ఉంటుంది. మెషీన్ దృష్టిలో టబ్బు ఇంకా నిండుగానే ఉంది.

మా ఇంట్లో జరిగింది అదే. మెషీన్ ఏ కంపెనీదో రాయను. నాకు తెలిసి ఏ కంపెనీ టెక్నీషియను వచ్చినా దాదాపు ఇదే వరస. మేముండేది హైదరాబాదు శివార్లలో, బోరు నీళ్ళ మీద, ఎండాకాలం ట్యాంకర్ల మీద నడిచే అపార్టుమెంటు. తాగే నీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చంటుంది. మా బోరు ఆ వేరే దిక్కు లేని కోవలోది. స్టీలు బకెట్టు అంచున, గీజరు లోపల, షవరు కన్నాల్లో ఎక్కడ చూసినా తెల్లగా ఉప్పు. ఇలాంటి నీళ్ళలో వాషింగ్ పౌడరు వేస్తే అందులోని సోడియం కార్బొనేటు నీళ్ళలోని కాల్షియంతో కలిసి మెత్తటి సున్నపు పొడిలా కిందికి దిగుతుంది. దానికి బట్టల నూగు, బట్టలకి మెత్తదనం ఇచ్చే ఆ సువాసన ద్రావకం తాలూకు జిడ్డు తోడైతే బూడిదరంగు బురద తయారవుతుంది. మనం ఎక్కువగా చన్నీళ్ళలోనే ఉతుకుతాం కాబట్టి ఆ జిడ్డు కరిగి పోయే అవకాశమూ లేదు. టబ్బులో అన్నిటికంటే కింద, నీళ్ళు అంతగా కదలని మూల ఎక్కడుందో అక్కడ చేరుతుంది. గాలి గది నోరు సరిగ్గా అక్కడే ఉంటుంది.

నీళ్ళు పోవడం లేదనే కోడు మొదలైనప్పుడు కంపెనీ తరఫున వచ్చిన అబ్బాయి ఫిల్టరు విప్పి చూసి, "పంపు వీక్ అయింది మేడం" అన్నాడు. కరెంటు కొలిచే మీటరు పెట్టలేదు. పాత పంపు తీసి కొత్తది బిగించాడు. కోడు పోయింది. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. ఈసారి వేరే అతను వచ్చాడు. పంపు కొత్తదని చూసి, "పంపు బాగానే ఉంది కాబట్టి ఇంక బోర్డే మేడం" అన్నాడు. చెప్పిన ధర కొత్త మెషీన్ ధరలో మూడో వంతుకి తక్కువ లేదు. నేను ప్రశ్నలు వేస్తుంటే కాస్త ఇబ్బందిపడి, "సార్ లేరా?" అని అడిగాడు. సారుకి మెషీన్ ఏ వైపు తెరుచుకుంటుందో తెలుసు, అంతకు మించి తెలియదు.

"పంపు బాగుంది కాబట్టి బోర్డు" అన్న మాట దగ్గర ఆగాలనిపిస్తుంది నాకు. వినడానికి తర్కంలాగే ఉంటుంది. కానీ మధ్యలో ఉన్న గొట్టాలూ, సెన్సరూ, డ్రైన్ పైపూ, ఉతికే నీళ్ళూ ఆ లెక్కలోకి రావు. అతని సంచీలో ఉండేవి, కంపెనీ బిల్లులో చోటున్నవి మాత్రమే వస్తాయి. గొట్టం అడుగున పేరుకున్న బురదకి పార్టు నంబరు ఉండదు.

మళ్ళీ కోడు వచ్చినప్పుడు నేను చేసిన పని చాలా చిన్నది. ఫోను టార్చి వేసి తలుపు అద్దంలోంచి లోపలికి చూశాను. డ్రమ్ములో నీళ్ళు లేవు. బట్టలు తడిగా, అడుగుకి అంటుకుని ఉన్నాయి, అంతే. ఫిల్టరు పక్కన ఉండే చిన్న గొట్టం మూత తీసి పళ్ళెంలోకి వంచితే టీ కప్పుడు నీళ్ళు వచ్చాయి. పంపు తన పని చేసేసింది. నీళ్ళు పోయాయి. పోలేదని మెషీన్ అనుకుంటోంది. ఈ ఒక్క చూపుతో పంపు మీద అనుమానం తీరిపోయింది. ఫ్రంట్ లోడు మెషీనుకి ముందు అద్దం పెట్టి అమ్ముతారు. ఇంటికొచ్చిన టెక్నీషియన్లలో ఒక్కరూ అందులోంచి చూడలేదు.

మా వీధి చివర ఫ్రిజ్‌లూ మెషీన్లూ బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. ఆయన్ని పిలిచాను. ప్లగ్గు పీకి, వెనక స్క్రూలు విప్పి, పైమూత జరిపి, సన్న గొట్టాన్ని సెన్సరు నుంచి ఊడదీశాడు. సెన్సరుకి తగిలించి ఉండగా ఊదితే లోపలి పొర దెబ్బతింటుందని, అందుకే ముందు ఊడదీయాలని చెబుతూనే గొట్టంలోకి ఊదాడు. దవడలు ఉబ్బాయి గానీ గాలి పోలేదు. "దీనికి ఊపిరాడ్తలేదమ్మా" అన్నాడు. కింది నుంచి గాలి గది విప్పితే నోటి దగ్గర బురద గట్టిపడి ఉంది. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి బిగించాడు. మొదటిసారి మార్చినప్పుడు పాత పంపు నేను అడిగి తీసిపెట్టుకున్నాను. దానికి వైరు కలిపి ప్లగ్గులో పెడితే గిర్రున తిరిగింది. "ఇంకా నాలుగేండ్లు నడుస్తది" అని నవ్వాడు.

మరి పంపు మార్చాక కొన్నాళ్ళు బాగా ఎందుకు నడిచింది? ఈ ప్రశ్న ముఖ్యం. ఇలాంటి తాత్కాలిక ఉపశమనమే అందరినీ మోసం చేస్తుంది, టెక్నీషియన్‌ని కూడా. పంపు మార్చేటప్పుడు మెషీన్‌ని వెనక్కి వాల్చారు, టబ్బు పూర్తిగా ఖాళీ చేశారు, గొట్టాలు కదిపారు. ఆ కుదుపుకి బురద కొంత జారి గాలికి దారి ఇచ్చి ఉంటుంది. పంపు వల్ల తగ్గిందని అతను రాసుకున్నాడు. అతని జాబ్ కార్డులో అది విజయవంతమైన రిపేరు. మళ్ళీ వచ్చిన కోడు వేరే కార్డు మీద, వేరే మనిషి పేరు మీద, కొత్త ఫిర్యాదుగా నమోదైంది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసేది ఇంట్లో ఉన్న మనమే.

టెక్నీషియన్లందరూ మోసగాళ్ళని నేను అనడం లేదు. రోజుకి ఎన్ని ఇళ్ళు తిరిగితే అంత లెక్కలో బతికే పిల్లలు వాళ్ళు. అరగంట కూర్చుని గొట్టం కడిగితే కంపెనీకి విజిటింగ్ చార్జి తప్ప ఏమీ రాదు. పది నిమిషాల్లో పార్టు మారిస్తే పార్టు డబ్బూ వస్తుంది, మెషీన్ ముందు అప్పటికి నడుస్తుంది కూడా. పార్టు మార్చడానికి లాభం ఉండి, కారణం వెతకడానికి లేనప్పుడు మంచివాడైనా పార్టే మారుస్తాడు. వారంటీలో ఉన్నప్పుడు మనకి డబ్బు పోదు కాబట్టి మనమూ నోరెత్తం. అసలు సంగతి వారంటీ అయిపోయాక బయటపడుతుంది.

నీళ్ళు రావడం లేదనే కోడు ఇంకా తమాషా అయినది. విశాఖలో మా తమ్ముడు ఇల్లు మారాక ఫోను చేశాడు. "అక్కా, ఇది నీళ్ళు రావట్లేదంటోంది. కుళాయి విప్పితే ధారగా వస్తున్నాయి. నీళ్ళని లోపలికి వదిలే వాల్వు మార్చాలంటున్నారు." డ్రైన్ పైపు ఎక్కడ పెట్టావురా అని అడిగాను. "కిందే, ట్రాపులో పడేశాను" అన్నాడు, అంటే నేల మీద నీళ్ళు పోయే కన్నంలో. తప్పు అక్కడుంది. డ్రైన్ పంపు అనేది వాల్వు కాదు, అది ఆగి ఉన్నప్పుడు నీళ్ళను ఆపలేదు. నీళ్ళు టబ్బులో నిలవాలంటే డ్రైన్ పైపు ఎక్కడో ఒకచోట టబ్బు నీటి మట్టం కంటే ఎత్తుకి లేచి దిగాలి. అందుకే చాలా మాన్యువళ్ళలో ఆ పైపుని నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య ఎత్తులో కట్టమని బొమ్మ వేసి ఉంటుంది. పైపుని నేల మీది ఆ ట్రాపులోకి తోసేస్తే పై నుంచి వచ్చే నీళ్ళు వచ్చినట్టే కింది నుంచి జారిపోతుంటాయి. మట్టం పెరగదు. గడియారం తిరుగుతుంటుంది. చివరికి మెషీన్ నీళ్ళు రావడం లేదని ప్రకటిస్తుంది. కోడు పైన కుళాయి వైపు చూపిస్తుంది, తప్పు కింద బాత్రూం నేల మీద ఉంటుంది. మెషీన్ నింపుకుంటున్నప్పుడు ట్రాపు దగ్గర చెవి పెట్టి వింటే సన్నగా పారుతున్న చప్పుడు వినిపిస్తుంది. తమ్ముడు పైపుని గోడకి ఎత్తి క్లిప్పు కొట్టాడు. వాల్వు అలాగే ఉంది.

మన ఇళ్ళలో డ్రైన్ పైపు నేల మీద పడి ఉండటం తప్పు పట్టాల్సిన విషయమేమీ కాదు. మెషీన్ల డిజైను పుట్టిన ఇళ్ళలో మెషీన్ వెనక గోడలో నిలువు గొట్టం ఉంటుంది, పైపు కొస అందులో తగిలిస్తారు. మన బిల్డర్లు యుటిలిటీ బాల్కనీలో కుళాయి ఒకటి, నేలమీద జాలీ ఒకటి పెట్టి వాషింగ్ మెషీన్ పాయింటు అంటారు. బిగించడానికి వచ్చిన అబ్బాయి జాలీ కనిపిస్తే అందులోకి వదిలేస్తాడు.

ఇదే కోడుకి ఇంకో పెద్ద కారణం పై అంతస్తు. నిలువుగా పది మీటర్ల నీళ్ళు ఉంటే దాదాపు ఒక బారు ఒత్తిడి వస్తుంది. కింది అంతస్తుల వాళ్ళకి డాబా మీది ట్యాంకు నుంచి అంత ఎత్తు దొరుకుతుంది. అందరికంటే పైన ఉన్న ఫ్లాట్‌కి ట్యాంకు అడుగుకీ మెషీన్ వాల్వుకీ మధ్య రెండు మూడు మీటర్లే. అంటే 0.2, 0.3 బారు. మెషీన్ల మాన్యువళ్ళు కంపెనీని బట్టి, మోడల్ని బట్టి కనీసం 0.3 నుంచి 1 బారు దాకా కావాలంటాయి. ట్యాంకు నిండా ఉన్న ఉదయం పూట ఉతికితే పని జరుగుతుంది, సాయంత్రం అడుగంటాక వేస్తే కోడు వస్తుంది. ఈ వేళల తేడా గమనించిన వాళ్ళకి సమాధానం దొరికినట్టే. గమనించని వాళ్ళు వాల్వు మార్చుకుంటారు. కుళాయి కింద బకెట్టు పెట్టి బాగానే నిండుతోందని తృప్తి పడటం కూడా ఇక్కడ పనికిరాదు. తెరిచిన కుళాయిలోంచి ఒత్తిడి లేకపోయినా నీళ్ళు జారతాయి. మెషీన్ వాల్వు లోపలి రబ్బరు పొర సరిగ్గా లేవాలంటే ఒత్తిడి కావాలి. పై అంతస్తుకి మందు చిన్న బూస్టరు పంపు. అదీ ఆలోచించే ముందు, నీళ్ళ గొట్టం మెషీన్‌కి కలిసే చోట లోపల వేలి గోరంత జాలీ ఉంటుంది, దాన్ని పట్టకారుతో లాగి చూడాలి. ట్యాంకరు నీళ్ళ ఇసుక మొత్తం అక్కడే కాపురం ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో బోర్లు అడుగంటి ట్యాంకర్లు మొదలయ్యాక ఈ కోడు రావడం మొదలైతే మరో కారణం వెతక్కర్లేదు.

నురగ గురించి కొంచెం. కఠినమైన నీళ్ళలో నురగ తక్కువ వస్తుంది. నురగ రాలేదంటే మురికి పోలేదని మనకో నమ్మకం, కాబట్టి ఇంకో చెంచా వేస్తాం. ఆ కొలత చేతికి అలవాటైపోతుంది. హైదరాబాదులో నల్లా వచ్చే రోజున సంపులోకి మంజీరా నీళ్ళో, కృష్ణా నీళ్ళో దిగుతాయి. అవి బోరు కంటే మెత్తన. అదే కొలత పౌడరుకి ఆ రోజు అద్దం నిండా నురగ. పంపు నీళ్ళను తోడగలదు, నురగను తోడలేదు. గాలి మింగి చప్పుడు చేస్తుంది గానీ మట్టం దిగదు. కొన్ని మెషీన్లు నురగని పసిగట్టి దానికో వేరే కోడు చూపించి కాసేపు ఆగుతాయి. మిగతావి నీళ్ళు పోవడం లేదనే కోడే వేస్తాయి. ఒకే కోడు ఒకరోజు బురద వల్ల, ఒకరోజు నురగ వల్ల రావచ్చు. చేత్తో ఉతికే పౌడరు, టాప్ లోడు పౌడరు ఫ్రంట్ లోడులో వేస్తే ఈ తిప్పలు రెట్టింపు. సగం కొలత వేసి చూడండి. మా అత్తయ్య ఇప్పటికీ ఒప్పుకోదు. ఆవిడ చూడకుండా నేను తగ్గిస్తాను, నేను చూడకుండా ఆవిడ కలుపుతుంది.

యూఈ, అంటే బరువు ఒక పక్కకి చేరి స్పిన్ ఎక్కడం లేదనే కోడు, గురించి ఎక్కువ చెప్పను. ఒక్క దుప్పటి ఒంటరిగా వేస్తే అది ముద్దై ఒక పక్కన కూర్చుంటుంది, తోడుగా రెండు తువ్వాళ్ళు వేయాలి. అలా వేసినా ప్రతిసారీ వస్తుంటే మెషీన్ కింద చక్రాల స్టాండు తీసేయండి. ఊడ్చుకోవడానికి వీలని కొంటాం. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే బరువుని ప్లాస్టిక్ చక్రాల మీద నిలబెట్టి, అది వణుకుతోందని షాక్ అబ్జార్బర్లు మార్పించడం ఏం న్యాయం?

నా వాదనకి వచ్చే గట్టి అభ్యంతరం భద్రత. కరెంటూ నీళ్ళూ కలిసిన చోట ఇంట్లోవాళ్ళు వేళ్ళు పెట్టకూడదని కంపెనీలు అంటాయి. నిజమే. మూత విప్పమని నేనెవరికీ చెప్పను. బోర్డు మీద కొన్ని భాగాల్లో ప్లగ్గు పీకాక కూడా కాసేపు చార్జి నిలిచి ఉంటుంది. వేడి నీళ్ళ ప్రోగ్రాం మధ్యలో ఆగితే ఫిల్టరు విప్పినా చేతులు కాలతాయి. హీటరు కోడు, లీకేజీ కోడు, ఎలుకలు వైర్లు కొరికిన కేసులు చేయి తిరిగినవాళ్ళే చూడాలి. బోర్డు నిజంగా పోయే సందర్భాలూ ఉన్నాయి. బల్లి పడి షార్టయిన బోర్డు కథ వినని అపార్టుమెంటు ఉంటుందా? పైగా బోర్డు మీద జిగురులాంటి పదార్థం పోసి మూసేస్తారు. తేమ నుంచి కాపాడటానికే అది. కానీ పది రూపాయల భాగం పోయినా బోర్డు మొత్తం మార్చాల్సి రావడానికి అదీ ఒక కారణం. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ అద్దంలోంచి చూడటానికి, డ్రైన్ పైపు ఎత్తు కొలవడానికి, ఆ రోజు ఏ నీళ్ళు వచ్చాయో గుర్తుంచుకోవడానికి ఏ ప్రమాదమూ లేదు. మెషీన్‌లో వేళ్ళు పెట్టొద్దనడం సబబు. మెషీన్ ఏ ఆధారంతో ఆ కోడు వేసిందో చెప్పకపోవడానికి భద్రతతో సంబంధం లేదు.

రెండో అభ్యంతరం నా స్నేహితురాలిది. ఆమె సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగు చేస్తుంది. "కోడు లేకపోతే అసలేమీ తెలిసేది కాదు కదా, అదైనా ఇస్తున్నందుకు సంతోషించు" అంటుంది. పాత సెమీ ఆటోమేటిక్‌లో కోడు లేదు, అయినా ఏం పోయిందో కళ్ళకి కనిపించేది. నీళ్ళు పోకపోతే మూత తీసి చూసేవాళ్ళం. ఇప్పుడు తలుపు లాక్ వేసి, లోపల ఏం జరిగిందో తనకి తెలిసిందంతా దాచుకుని, రెండక్షరాలు బయటికి చూపిస్తోంది. మట్టం ఎంత ఉందని అనుకుంటోందో, పంపు ఎంతసేపు నడిపిందో బోర్డుకి తెలుసు. మన డిస్‌ప్లే మీద టైమూ, ఉష్ణోగ్రతా, స్పిన్ వేగమూ అన్నీ పడతాయి. ఆ ఒక్క అంకె పడటానికి చోటు లేదా? ఆమె దగ్గరికి ఎవరైనా "పని చేయట్లేదు" అని ఒక్క ముక్క రాసి బగ్ పంపితే వెనక్కి కొడుతుంది. మెషీన్ విషయంలో మాత్రం ఉదారంగా ఉంది.

యూరప్‌లో ఈ గొడవ చట్టందాకా వెళ్ళింది. 2021 మార్చి 1 నుంచి అక్కడ అమలవుతున్న నిబంధనల ప్రకారం, ఒక మోడల్ చివరి మెషీన్ మార్కెట్లోకి వచ్చాక కనీసం పదేళ్ళపాటు పంపులు, ప్రెషర్ స్విచ్‌లు, బోర్డుల వంటి విడి భాగాలను తయారీదారు వృత్తి మెకానిక్‌లకి అందుబాటులో ఉంచాలి. వాటితోపాటు వైరింగు బొమ్మలు, ఎర్రర్ కోడుల వివరాలు, ఏ భాగం దగ్గర మీటరు కనీసం ఎంత, గరిష్ఠం ఎంత చూపించాలన్న విలువలు కూడా ఇవ్వాలి. ఇది ఇంట్లోవాళ్ళకి కాదు, నమోదు చేసుకున్న మెకానిక్‌లకి. నాకు అదే చాలు. మా వీధి పెద్దాయనకి ఆ కాగితం ఉంటే ఊదాల్సిన పని లేదు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ఫ్రంట్ లోడు మెషీన్ల మీద, బాగుచేయడానికి ఎంత అనువుగా ఉందో పదికి మార్కులు వేసి ధర పక్కనే చూపించారు; 2025లో వాటి స్థానంలో మన్నికని కూడా లెక్కలోకి తీసుకునే మార్కులు వచ్చాయి. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఒక పోర్టల్ తెరిచింది. కమిటీ ముందు పెట్టిన రంగాల్లో గృహోపకరణాలూ ఉన్నాయి. మంచి మొదలే. కానీ పెట్టెలో వచ్చిన మాన్యువల్‌నే ఇంకో చోట దొరికేలా చేస్తే అది రిపేరు సమాచారం అవదు. కోడు ఎదురుగా "సర్వీసు సెంటరును సంప్రదించండి" అని ఉన్న పట్టికని ఎక్కడ పెట్టినా దాని అర్థం అదే.

చట్టం వచ్చేలోపు మనం చేయగలిగింది జాబ్ కార్డు దగ్గర ఉంది. కోడు వచ్చిన ప్రతిసారీ ఫోనులో ఒక ఫొటో తీయండి, డిస్‌ప్లేతో పాటు అద్దం కూడా కనబడేలా. డ్రమ్ములో నీళ్ళు ఉన్నాయా లేవా, ప్రోగ్రాంలో ఏ దశలో ఆగింది, ఆ రోజు బోరా, నల్లానా, ట్యాంకరా అన్నది కింద రాసుకోండి. మూడు నాలుగు ఫొటోలు చేరేసరికి వరస కనిపిస్తుంది. నీళ్ళుండగా ఆగితే ఫిల్టరు, డ్రైన్ పైపు, పంపు. నీళ్ళు లేకుండా ఆగితే గాలి గొట్టం, సెన్సరు. నల్లా రోజే ఆగితే పౌడరు. టెక్నీషియను వచ్చినప్పుడు ఫొటోలు ముందు చూపించి, తర్వాత అతన్ని మాట్లాడనివ్వండి. పార్టు మార్చాలంటే దేన్ని కొలిచి ఆ మాట అంటున్నాడో కార్డు మీద రాయమనండి. పంపు అంటే కాయిల్ రెసిస్టెన్సు ఎంత వచ్చింది, వాల్వు అంటే దానికి వోల్టేజీ అందుతోందా, బోర్డు అంటే పంపు దగ్గరికి కరెంటు రావడం లేదని ఎక్కడ చూశాడు. రాయడానికి ఇష్టపడని వాళ్ళు కొందరు ఉంటారు. రాయమనగానే సంచీలోంచి మీటరు బయటికి తీసేవాళ్ళే ఎక్కువ. అది అంతవరకు సంచీ అడుగున ఉంటుంది. తీసేసిన పార్టు వారంటీ కింద మార్చినది కాకపోతే మనదే, అడిగి తీసుకోండి.

నిమ్మ ఉప్పు వేసి ఖాళీ మెషీన్‌ని వేడి నీళ్ళ మీద నడిపించే అలవాటు బోరు నీళ్ళ ఇళ్ళకి మంచిదే, హీటరు మీది సున్నాన్ని కరిగిస్తుంది. గాలి గది నోటి దగ్గర గట్టిపడిన బురదని మాత్రం అది పూర్తిగా తీయదు. ఉతకడం చన్నీళ్ళలోనే అయినా, తువ్వాళ్ళూ పక్కదుప్పట్లూ అప్పుడప్పుడు 60 డిగ్రీల మీద వేస్తే జిడ్డు పేరుకోవడం తగ్గుతుంది. మా వీధి పెద్దాయన చెప్పాక నేను అదే చేస్తున్నాను. ఆ కోడు మళ్ళీ రాలేదు. ఇప్పుడు తలుపు లాక్ పడలేదనే కోడు అప్పుడప్పుడు వస్తోంది. లాక్ మార్చాలని కంపెనీ వాళ్ళు ఫోనులోనే చెప్పేశారు. ఫొటోలు తీస్తున్నాను.